మ్యూజియం ఉపన్యాసాలు వింటూ శిల్పం చూడటం నేర్చుకోవాలంటే?

ప్రశ్న (బరంపురం): ఆదివారాలు ఏడెనిమిది మందిమి కూర్చుని మ్యూజియంల ఉపన్యాసాలు టీవీలో పెట్టుకుంటున్నాం. గంట విన్నాక పేర్లు తప్ప ఏమీ మిగలట్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా వినాలి?

జవాబు (పర్లాకిమిడి): ఏకబిగిన వింటే ఎవరికైనా అంతేనండి. మొదలుకి చోళుల కంచు విగ్రహాలు మంచివి. వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ అనే మ్యూజియంలో 1952 నుంచి కళల మీద మెలన్ ఉపన్యాసాలు జరుగుతున్నాయి, 2016లో కళా చరిత్రకారిణి విద్యా దెహేజియా అక్కడ ఈ చోళ విగ్రహాల మీదే మాట్లాడారు.

ఒకసారి కూర్చుంటే ఇరవై నిమిషాల ముక్క చాలు. బొమ్మ తెర మీదకి రాగానే వీడియో ఆపి, రెండు నిమిషాలు మాట్లాడకుండా చూడండి. తర్వాత తలా ఒకటి చెప్పాలి. "అందంగా ఉంది" అంటే కుదరదు. "బరువంతా ఎడమకాలి మీద ఉంది" లాంటిది కావాలి. అప్పుడు వక్త మాట వినండి. నోటుబుక్కులో పేరు, దేనితో చేశారు, ఎత్తు, కాలం, ఇప్పుడున్న చోటు, మొదట ఉన్న చోటు రాయండి. ఎత్తు మాత్రం వదలొద్దు. జానెడు విగ్రహమూ నిలువెత్తు విగ్రహమూ తెర మీద ఒక్కలాగే కనబడతాయి. గోడ మీద టేపుతో కొలిచి గుర్తు పెడితే ఆ పొరపాటు పోతుంది.

పీఠం కూడా చూడండి. కన్నాలు గానీ రింగులు గానీ ఉంటే అవి కర్రలు దూర్చి ఊరేగించడానికి. గుడిలో పట్టుబట్ట, పూలదండల మధ్య ముఖం మాత్రమే కనబడే ఉత్సవమూర్తి మ్యూజియంలో ఏ అలంకారమూ లేకుండా నిలబడుతుంది. ఒళ్ళు మలిచిన తీరు అక్కడ బాగా తెలుస్తుంది. కానీ ఆ మూర్తిని ఎందుకు చేశారో తెలియాలంటే మన ఊరేగింపు గుర్తుకురావాలి.

జవాబు (రాయగడ): పైన చెప్పినదానికి ఒక్కటి కలపాలి. సబ్‌టైటిల్స్ చూసి పేర్లు రాసుకోకండి, మన ఊళ్ళ పేర్లు అందులో చితికిపోతాయి. మ్యూజియం సొంత పేజీలో సరిచూసుకోండి.

రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి పోల్చడం ఈ చదువులో పాత పద్ధతి. భువనేశ్వర్‌లో 7వ శతాబ్దపు పరశురామేశ్వర గుడి ద్వారం పైన చెక్కిన గ్రహాల బొమ్మలు ఎనిమిదే, కేతువు లేడు. 10వ శతాబ్దపు ముక్తేశ్వరానికి వచ్చేసరికి తొమ్మిది. ఈ రెండు ఫోటోలు పక్కన పెట్టుకుంటే ఒడిశా గుళ్ళ కాలం అంచనా వేయడానికి ఒక ఆధారం దొరుకుతుంది. అయితే ఇదొక్కటే పట్టుకుని కాలం తేల్చేయకండి, ద్వారం తర్వాత మార్చినదీ కావచ్చు.

ప్రశ్న (బరంపురం): శ్రీకాకుళం జిల్లా ముఖలింగం గుళ్ళకి వెళ్తే ఇదే పని చేయవచ్చా?

జవాబు (పర్లాకిమిడి): తప్పకుండా. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర మూడు గుళ్ళూ ఒకే రోజు చూసేయాలని పెట్టుకోకండి, ఒక్క ద్వారబంధం ముందు అరగంట నిలబడండి. పొద్దున్నే వెళ్ళండి. మిట్టమధ్యాహ్నం ఎండ నడినెత్తి నుంచి పడి ఉబ్బుశిల్పం (రాతి పలక మీద ఉబ్బెత్తుగా చెక్కిన బొమ్మ) చదునుగా కనబడుతుంది. ఏటవాలు వెలుగుంటే గీత గీతా లేస్తుంది. లోపల చీకటిగా ఉంటే పూజారి గారిని అడిగి టార్చి పక్కనుంచి పట్టండి, ఎదురుగా వద్దు.