బెంగాలీ సమాజం స్వలింగ ప్రేమను మొదటినుంచీ ఎలా చూసింది?

సుధీర్, కూకట్‌పల్లి

అందరికీ నమస్కారం. స్వలింగ వివాహాల మీద 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి చదువుతున్నాను. ఆ కేసులో మొదటి పిటిషనరు సుప్రియో చక్రవర్తి బెంగాలీ, కాపురం మాత్రం మన హైదరాబాదులో. అక్కణ్ణించే నాకీ ఆసక్తి పుట్టింది.

మా ఆఫీసులో కోల్‌కతా అతను ఒకరున్నారు. "మా దగ్గర ఇలాంటివాటికి ఎప్పుడూ పట్టింపు లేదు, మాది ఠాగూర్ పుట్టిన నేల" అంటారు. ఇంతలోనే తమ కుటుంబంలో పెళ్ళి చేసుకోని ఒక పెద్దాయన ప్రస్తావన వస్తే చప్పున మాట మార్చేస్తారు. నిజంగానే బెంగాల్‌లో పట్టింపు లేదా? ఉంటే ఎప్పుడు మొదలైంది? పుస్తకాల్లో చదివినవాళ్ళకన్నా అక్కడ బతికినవాళ్ళు చెబితే వినాలని ఉంది.

పద్మావతి, నిమ్‌పురా

సుధీర్ గారూ, మాది ఖరగ్‌పూర్. మా తాతగారు రైల్వే వర్క్‌షాపులో పనికి శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే బంగ్లా. కోల్‌కతాలో టీచరుగా చేసి రిటైరయ్యాను. మీ ఆఫీసు అతను చెప్పింది సగం నిజం. బెంగాల్ ఈ ప్రేమకు పాటలో, భక్తిలో, రంగస్థలం మీద చోటిచ్చింది. ఇంట్లో ఇవ్వలేదు.

భక్తితో మొదలుపెడతాను. చైతన్య మహాప్రభువు రాధాభావంలో కృష్ణుడి కోసం ఏడ్చాడు. ఆ భావం గురించి ఆయన రామానంద రాయలతో సుదీర్ఘంగా మాట్లాడింది మన గోదావరి ఒడ్డునే. 19వ శతాబ్దంలో రామకృష్ణ పరమహంస మధురభావ సాధన, అంటే దేవుణ్ణి ప్రియుడిగా తలచే సాధన, చేస్తున్న రోజుల్లో చీర కట్టుకుని, నగలు పెట్టుకుని, జాన్‌బజారులో మథుర్‌బాబు ఇంటి ఆడవాళ్ళ మధ్య ఉండేవారని ఆయన జీవితచరిత్రలే రాశాయి. వీళ్ళను తెచ్చి స్వలింగ ప్రేమికుల జాబితాలో కలిపేయడం నాకు ఇష్టం ఉండదు, అది సాధన. కాని మగవాడిలో ఆడమనసు ఉండటం పరువు తక్కువ అని అప్పటి జనం అనుకోలేదనడానికి మాత్రం ఇది గట్టి సాక్ష్యం.

దాన్ని సిగ్గుపడాల్సిన విషయంగా మార్చినవాళ్ళలో మెకాలే ఒకడు. 1841లో వారన్ హేస్టింగ్స్ మీద రాసిన వ్యాసంలో బెంగాలీ మగవాళ్ళు బలహీనులని, ఆడంగితనం నిండినవాళ్ళని రాశాడు. అంతకుముందు కలకత్తాలో ఉండి భారత శిక్షాస్మృతి తొలి ముసాయిదా తయారుచేసిన కమిషన్‌కు అధ్యక్షుడూ అతడే. ఆ స్మృతి 1860లో చట్టమై 1862 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్ అందులోదే. చట్టం చేసిన నష్టం ఒక ఎత్తు, ఆ మాట చేసిన నష్టం ఒక ఎత్తు. చదువుకున్న బెంగాలీ కుటుంబాలు, అంటే భద్రలోక్, ఆ నిందను లోపలికి తీసుకున్నాయి. వ్యాయామశాలలు, కుస్తీ అఖాడాలు, లాఠీ సాములు, 1902లో అనుశీలన్ సమితి అనే విప్లవ సంఘం. వాటిలోంచి ఎంత ధైర్యవంతులు వచ్చారో నాకు తెలుసు, వాళ్ళ ముందు తలవంచుతాను. కాని "మేం ఆడంగులం కాదు" అని దొరకు నిరూపించాలన్న పట్టుదలలో ఇంట్లో మెత్తగా మాట్లాడే కుర్రాడు కుటుంబానికి తలవంపు అయిపోయాడు.

జాత్రా, అంటే బెంగాలీ జానపద నాటకం, గురించి చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. మా చిన్నప్పుడు ఖరగ్‌పూర్ మైదానాల్లో రాత్రంతా జాత్రాలు ఆడేవారు. అప్పటికి ఆడవేషాలు వేసే మగవాళ్ళ రోజులు అయిపోతున్నాయి. వాళ్ళలో మహారాణి అనదగ్గవారు చపల్ భాదుడి, జనం నోట చపల్ రాణి. తల్లి ప్రభాదేవి పేరున్న నటి. ఆయన రాణి వేషం కడితే ఊళ్ళకు ఊళ్ళు కదిలేవి. స్త్రీలే నటించడం మొదలుపెట్టాక పని పోయింది. ఆ తర్వాత శీతలాదేవి వేషం కట్టి బతికారు. 1990ల చివర ఆయన మీద డాక్యుమెంటరీ తీస్తున్నప్పుడు, తాను ఒక మగవాణ్ణి ప్రేమించి చాలాకాలం అతనితో కలిసి బతికిన సంగతి కెమెరా ముందే చెప్పారు. వేషానికి చప్పట్లు కొట్టిన సమాజం ఆ మనిషి బతుకు గురించి అన్నేళ్ళూ ఒక్క ప్రశ్న అడగలేదు. మీ ఆఫీసు అతను "పట్టింపు లేదు" అంటున్నది ఆ అడగకపోవడాన్నే అనుకుంటాను.

వేంకటరమణ, రాజమండ్రి

పద్మావతి గారికి నమస్కారం. చైతన్యుల ప్రస్తావన తెచ్చినందుకు సంతోషం. అయితే ఒక సందేహం. స్వలింగ ప్రేమను ఒక గుర్తింపుగా చెప్పుకోవడం మన దేశంలో 1990ల తర్వాత స్వచ్ఛంద సంస్థలు, విదేశీ నిధులు తెచ్చిపెట్టిందే కదా? అంతకుముందు బెంగాలీలు దాన్ని చర్చించినట్టు ఎక్కడైనా ఉందా? వాదన కోసం కాదు, తెలుసుకోవాలనే అడుగుతున్నాను.

పద్మావతి, నిమ్‌పురా

రమణగారూ, ఉంది. బాగా వెనక్కి వెళ్ళినా ఉంది.

15వ శతాబ్దంలో నదియా జిల్లా ఫులియాకు చెందిన కృత్తివాస ఓఝా బంగ్లాలో రామాయణం రాశాడు. బెంగాలీ ఇళ్ళలో పెద్దవాళ్ళు చదివేది అదే. దాని పాఠాల్లో భగీరథుడి పుట్టుక ఇలా ఉంటుంది. దిలీపుడు సంతానం లేకుండా పోయాడు. సూర్యవంశం నిలవకపోతే రాముడు పుట్టడు. శివుడు అయోధ్యకు వచ్చి, విధవలైన ఇద్దరు రాణులూ ఒకరితో ఒకరు కలిస్తే కొడుకు పుడతాడని వరమిచ్చాడు. వాళ్ళు గాఢమైన ప్రేమతో ఉన్నారు. ఒకామె గర్భవతి అయింది. బిడ్డ ఎముకలు లేని మాంసపు ముద్దగా పుట్టాడు. వసిష్ఠుడు చెప్పినట్టు దారిలో ఉంచితే, అటు వచ్చిన అష్టావక్రుడు ఆ వంకరలు చూసి తనను వెక్కిరిస్తున్నాడేమోనని అనుమానపడి, వెక్కిరింపు అయితే నశించు, పుట్టుకతోనే ఇలా అయితే చక్కటి శరీరం పొందు అన్నాడు. బిడ్డ లేచి నిలబడ్డాడు. గంగను దించిన భగీరథుడు ఇతడే.

ఇదంతా స్వేచ్ఛ కోసం రాసిన కథ అని నేననను. వంశం నిలవాలన్న ఆరాటమే అందులో ముఖ్యం. అయినా ఇద్దరు స్త్రీల ప్రేమను చెప్పడానికి ఆ కవి జంకలేదు, వాళ్ళకు శిక్ష వేయలేదు. ముసలమ్మలు మనవలకు వినిపించే పుస్తకంలోనే అది ఉంది.

చర్చ అంటారా, 1924లో కలకత్తాలోనే పెద్ద రచ్చ జరిగింది. అక్కణ్ణించి వచ్చే 'మత్‌వాలా' అనే హిందీ వారపత్రికలో ఉగ్ర అనే రచయిత 'చాక్లెట్' అన్న కథ వేశాడు. అబ్బాయిల మీద మోజుపడే మగవాళ్ళ గురించి. తాను రాసింది ఖండించడానికేనని అతడు, ఇది అశ్లీలమని బనారసీదాస్ చతుర్వేది, ఏళ్ళతరబడి వాదులాడుకున్నారు. గాంధీగారి దాకా వెళ్ళింది. వాళ్ళు హిందీవాళ్ళే అయినా ఆ గొడవ నడిచింది కలకత్తా పత్రికల్లో. విదేశీ నిధుల సంస్థ ఒక్కటి కూడా అప్పటికి పుట్టలేదు.

1990ల్లో మారింది వేరే. దాచుకున్నవాళ్ళు ఒకరినొకరు వెతుక్కోవడం మొదలుపెట్టారు. 1993లో కోల్‌కతాలో కౌన్సెల్ క్లబ్ ఏర్పడింది. 'ప్రవర్తక్' అని పత్రిక నడిపారు. చిన్నచిన్న ఊళ్ళనుంచి ఉత్తరాలు వచ్చేవి. 1995లో మానవి బంద్యోపాధ్యాయ 'అబొమానబ్' పత్రిక పెట్టారు. ఆవిడే 2015లో కృష్ణనగర్ మహిళా కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. దేశంలో కాలేజీ ప్రిన్సిపాల్ అయిన తొలి ట్రాన్స్‌జెండర్ ఆవిడే. 1999 జులై 2న స్వలింగ ప్రేమికుల హక్కుల కోసం పదిహేను మంది పసుపు టీషర్టులు వేసుకుని కోల్‌కతా వీధుల్లో నడిచారు. దక్షిణాసియాలో అలాంటి నడక అదే మొదటిది. పదిహేను మందే! ఆ ధైర్యం తలుచుకుంటే నాకిప్పటికీ గుండె నిండిపోతుంది.

రఫీ, నెల్లూరు

పద్మావతి గారు పశ్చిమం వైపు చెప్పారు. సగానికి పైగా బెంగాలీలు సరిహద్దు అవతల, బంగ్లాదేశ్‌లో ఉన్నారు కాబట్టి నాకు తెలిసింది నేను చెబుతాను. ఢాకాలో గార్మెంట్ ఫ్యాక్టరీలో మర్చండైజరుగా పనిచేశాను.

అదే 1860 శిక్షాస్మృతి అక్కడా ఉంది. మన దగ్గర 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377 కోరలు తీసింది, అక్కడ అది అలాగే ఉంది. మరోపక్క 2013 నవంబరులో బంగ్లాదేశ్ మంత్రివర్గం హిజ్రాలకు ప్రత్యేక లింగ గుర్తింపు ఇచ్చింది. ట్రాన్స్‌జెండర్లకు గుర్తింపు ఇచ్చిన మన సుప్రీంకోర్టు నల్సా తీర్పు వచ్చింది ఆ తర్వాతే, 2014 ఏప్రిల్‌లో. బయట నిలబడి చూస్తే ఇవి పొసగవు. అక్కడుంటే తెలుస్తుంది: ఇల్లు వదిలి గురువు దగ్గర చేరిన హిజ్రాకు పాతకాలంనుంచీ ఒక స్థానం ఉంది. ఇంట్లోనే ఉండి, ఉద్యోగం చేస్తూ "నేను మగవాణ్ణి, నాకు మగవాళ్ళే ఇష్టం" అనేవాడికి స్థానం లేదు.

2014లో 'రూప్‌బాన్' అనే స్వలింగ ప్రేమికుల పత్రిక వచ్చింది. ఆ ఏడాది పహేలా బైశాఖ్ ఊరేగింపులో వాళ్ళు రంగురంగుల బట్టలతో నడిచారు. అక్కడ ఉగాది లాంటి రోజది, ఢాకా అంతా రోడ్డు మీదే ఉంటుంది. 2016లో బెదిరింపులు వచ్చి నడక ఆగిపోయింది. అదే ఏప్రిల్ 25న, కలాబాగాన్‌లోని ఇంట్లోకి కొరియర్ వాళ్ళమని చెప్పి చొరబడి, పత్రిక నడిపిన జుల్హాజ్ మన్నాన్‌ను, ఆయన స్నేహితుడు మహబూబ్ రబ్బీ తనయ్‌ను నరికి చంపారు. 2021లో కోర్టు ఆరుగురికి మరణశిక్ష వేసింది. ఆ హత్యల తర్వాత చాలామంది దేశం వదిలిపోయారు.

ఇంకొకటి. సిల్హెట్, మైమన్‌సింగ్ వైపు పూర్వం ఘెటు పాటలని ఉండేవి. వానాకాలం హావోర్లు (పల్లపు చిత్తడి నేలలు) నిండి పని లేని నెలల్లో జమీందార్లు ఆడవేషం కట్టిన పిల్లలతో ఆడించుకునేవారు. దాన్ని చూపించి "మా దగ్గర ఇది ఎప్పట్నించో ఉంది" అనేవాళ్ళు కనిపిస్తారు. దయచేసి అలా అనొద్దు. అది పేదవాళ్ళ పిల్లల్ని దోచుకోవడం, దాన్ని ప్రేమ చరిత్రలో రాయకూడదు.

సుధీర్, కూకట్‌పల్లి

రఫీ అన్నా, చివర చెప్పింది చాలా అవసరమైన మాట. పద్మగారూ, రెండు అడగాలి. సినిమా దర్శకుడు ఋతుపర్ణ ఘోష్ వల్ల నిజంగా మార్పు వచ్చిందంటారా? రెండోది, రాణుల కథ తప్ప ఇందులో ఆడవాళ్ళు కనబడటం లేదేం?

పద్మావతి, నిమ్‌పురా

ఋతుపర్ణ వల్ల వచ్చింది. ఆయన సినిమాలకన్నా ఆయన మనిషిగా చేసింది ఎక్కువ. ప్రతి మధ్యతరగతి ఇంటి టీవీలో కాజల్ పెట్టుకుని, నగలు వేసుకుని, తనకు నచ్చినట్టు కూర్చుని మాట్లాడాడు. (మొదట ఆయన కార్యక్రమం వచ్చింది మన రామోజీరావు గారి ఈటీవీ బంగ్లాలోనే.) తన నడక, మాట అనుకరిస్తూ నవ్వించే ఒక కమెడియన్‌ను తన షోకు పిలిచి, నువ్వు వెక్కిరిస్తున్నది నన్నొక్కణ్ణేనా, నాలా ఉండే పిల్లలందరినా అని ముఖాముఖి నిలదీశాడు. ఆ మర్నాడు మా స్టాఫ్ రూములో అందరూ దాని గురించే మాట్లాడారు. అంతకుముందు ఆ గదిలో ఆ విషయం ఎత్తినవాళ్ళు లేరు. 2010లో కౌశిక్ గంగూలీ తీసిన సినిమాలో చపల్ రాణి చపల్ రాణిగానే నటించారు, పక్కన ఋతుపర్ణ. 2013 మే 30న ఆయన పోతే ప్రభుత్వం తుపాకుల వందనంతో సాగనంపింది. అదే ఏడు డిసెంబరు 11న సుప్రీంకోర్టు 377ను మళ్ళీ నిలబెట్టింది. ఒక ఏడాదిలో రెండూ చూశాం.

ఆడవాళ్ళు కనబడకపోవడానికి కారణం వాళ్ళ స్నేహానికి ఎవరూ వేరే పేరు పెట్టకపోవడమే. పాత బెంగాల్‌లో ఆడపిల్లలు 'సొయి' కట్టేవారు. ఇద్దరూ ఒక పేరు ఎంచుకుని, గంగాజల్ అనో, చోఖేర్ బాలి అనో, జీవితాంతం ఒకరినొకరు అలాగే పిలుచుకునేవారు. అందులో ఎక్కువ భాగం ఉత్త స్నేహమే. స్నేహం కానివీ ఆ నీడలోనే గడిచిపోయాయి.

మా వీధిలో ఇద్దరు టీచరమ్మలు ఒకే ఇంట్లో ఉండేవారు. ఇద్దరినీ మాసీ అనేవాళ్ళం. విజయదశమి తర్వాత వాళ్ళకు ప్రణామం చేయడానికి వెళితే కొబ్బరి నాడూలు, నిమ్కీలు పెట్టేవారు. ఇద్దరి బంధం ఏమిటో పెద్దవాళ్ళందరికీ తెలుసునని ఇప్పుడు అనుకుంటాను. పెద్ద మాసీ పోయినప్పుడు, అంతకుముందు కంటికి కనబడని అన్నగారి కుటుంబం దిగి, శవాన్ని తీసుకెళ్ళి, ఇంటికి తాళం వేసింది. చిన్న మాసీ తన బట్టలు తాను అడుక్కోవాల్సి వచ్చింది. వీధిలో ఒక్కరూ అడ్డుపడలేదు. ఇదీ బెంగాల్ మర్యాద. నోరెత్తి తిట్టరు, నోరెత్తి నిలబడరు.

1998లో ఇద్దరు స్త్రీల ప్రేమ మీద వచ్చిన 'ఫైర్' సినిమా హాళ్ళను వేరేచోట్ల ధ్వంసం చేస్తుంటే, కోల్‌కతాలో హాలు సిబ్బంది, ప్రేక్షకులే దాడికి వచ్చినవాళ్ళను తరిమారు. 1999 జూన్‌లో స్త్రీలను ప్రేమించే కొందరు స్త్రీలు కలిసి 'సాఫో' అనే సంఘం పెట్టుకున్నారు. అలాగని గ్రామాలు మారిపోలేదు. 2011లో నందిగ్రామ్ దగ్గర ప్రేమించుకున్న ఇద్దరు అమ్మాయిలు ప్రాణాలు తీసుకుంటే, కుటుంబాలు శవాలను కూడా తీసుకెళ్ళలేదు. సాఫో వాళ్ళు దానిమీద డాక్యుమెంటరీ తీశారు.

మీరు మొదట రాసిన తీర్పు పెళ్ళి హక్కు ఇవ్వలేదు, వెసులుబాట్లు పరిశీలించమని కేంద్ర కమిటీకి వదిలింది. 2024 ఆగస్టులో రెండు పనులు జరిగాయి. జాయింట్ బ్యాంకు ఖాతా తెరవడానికి, భాగస్వామిని నామినీగా పెట్టడానికి అడ్డేమీ లేదని ఆర్థికశాఖ ప్రకటించింది. దగ్గరి బంధువులు అందుబాటులో లేనప్పుడు భాగస్వామి మృతదేహాన్ని తీసుకోవచ్చని ఆరోగ్యశాఖ రాష్ట్రాలకు రాసింది. అందుబాటులో లేనప్పుడు మాత్రమే. అన్నగారు వచ్చి తలుపు దగ్గర నిలబడితే మా చిన్న మాసీ లాంటివాళ్ళకు ఇవాళ కూడా ఆ కాగితం అక్కరకు రాదు.