యాంగ్ గ్వెయ్‌జ, లావ్‌వాయ్, ఆ సాన్: చైనీస్ భాషలో పరాయివారి పేర్లు

గౌరవనీయ సభ్యులకు,

చైనాలో వైద్యవిద్య చదువుతున్న మన తెలుగు విద్యార్థులను అక్కడి వీధుల్లో ‘లావ్‌వాయ్’ అని పిలవడం అవమానమా కాదా అన్న ప్రశ్నతో మొదలైన ఈ చర్చ, విదేశీయులకు చైనీస్ భాషలో ఉన్న పేర్లన్నీ ‘దయ్యం’ అన్న మాట నుంచి పుట్టినవేనని, అందువల్ల ఆ భాషే పరాయివాణ్ణి ఈసడిస్తుందని తీర్పు చెప్పేదాకా వెళ్లింది. ఆ తీర్పుతో నేను ఏకీభవించలేను. ఒక మాట తిట్టు అవునో కాదో దాని వ్యుత్పత్తి చెప్పలేదు. ఎవరు ఎవరిని అన్నారు, అన్ననాడు వారిద్దరిలో ఎవరిది పైచేయి అన్న విషయాలే ఆ సంగతి చెబుతాయి. చైనా చరిత్ర ఇందుకు ఎన్నో నిదర్శనాలు చూపుతుంది.

ముందుగా ఆ ‘దయ్యం’ సంగతి చూద్దాం. ‘గ్వెయ్’ అంటే చనిపోయినవారి ప్రేతం. అయితే తాగుబోతును ‘జ్యూ గ్వెయ్’ అని, పిరికివాణ్ణి ‘దాన్‌శ్యావ్ గ్వెయ్’ అని, అల్లరి పిల్లవాణ్ణి ముద్దుగా ‘శ్యావ్ గ్వెయ్’ అని అనడం కూడా ఆ భాషలో మామూలే. 1757 నుంచి 1842 దాకా పాశ్చాత్యుల వర్తకానికి తెరిచి ఉంచిన ఏకైక రేవు దక్షిణ చైనాలోని క్వాంగ్‌జౌ. అక్కడి జనం ఎర్రజుట్టు, పాలిపోయిన చర్మం, లోతైన కళ్లు ఉన్న నావికులను చూసి తమ ప్రాంతపు భాష అయిన కాంటనీస్‌లో ‘ఫాన్ గ్వాయ్’ అన్నారు. పరదేశపు ప్రేతం అని దాని అర్థం. ఆ మాటలో భయం, వెగటు, ఎగతాళి కలిసి ఉన్నాయనడంలో సందేహం లేదు. అయినా అక్కడ ఏళ్ల తరబడి వ్యాపారం చేసిన విలియం హంటర్ అనే అమెరికన్ 1882లో తన జ్ఞాపకాలను అచ్చువేసినప్పుడు ఆ మాటనే పుస్తకం పేరులో పెట్టుకున్నాడు.

ఈ ‘ఫాన్’ కూరగాయల పేర్లలో కూడా కనిపిస్తుంది. టమాటాను ‘ఫాన్ చ్యే’ అంటారు, అంటే పరదేశపు వంకాయ. అంతకు చాలా ముందు మధ్య ఆసియా భూమార్గాన వచ్చిన వాటికి ‘హూ’ చేరింది. మిరియాలు ‘హూ జ్యావ్’ అయ్యాయి. ఆఖరున సముద్రం మీదుగా వచ్చిన వాటికి ‘యాంగ్’ చేరింది. ఉల్లిపాయ ‘యాంగ్ త్సొంగ్’ అయింది. మన సీమచింత, సీమవంకాయల్లోని ‘సీమ’ చేసే పనినే ఈ మూడు మాటలూ అక్కడ మూడు వేర్వేరు కాలాల్లో చేశాయి. వస్తువు ముందు నిలిచినప్పుడు ఏ దోషమూ లేని ఈ మాట మనిషి ముందు నిలిచేసరికి పదునెక్కింది.

చర్చలో ఎవరూ ప్రస్తావించని ‘యీ’ అన్న మాట నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. ప్రాచీన గ్రంథాలు నాలుగు దిక్కుల పరాయి జాతులకు నాలుగు పేర్లు పెట్టాయి. తూర్పువారు యీ, పడమటివారు రొంగ్, దక్షిణాదివారు మాన్, ఉత్తరాదివారు దీ. క్రీ.శ. 100 ప్రాంతంలో శూ షెన్ కూర్చిన నిఘంటువు, ‘మాన్’ రాసే అక్షరంలో పురుగు ఉందని, ‘దీ’ రాసే అక్షరంలో కుక్క ఉందని, ‘యీ’ రాసే అక్షరంలో మాత్రం మనిషి, విల్లు ఉన్నాయని చెప్పింది. రాతలోనే ఇలా చిన్నచూపును ఇమిడ్చిన మాటలను కాపాడే ఉద్దేశం నాకు లేదు. కాని నాలుగింటిలోనూ కాస్త గౌరవంగా ఉన్న ‘యీ’ మీదనే తర్వాత అంతర్జాతీయ వివాదం చెలరేగడం గమనించవలసిన విషయం.

ఈశాన్యం నుంచి వచ్చి 1644 నుంచి చైనాను ఏలిన చింగ్ వంశపు మంచూ చక్రవర్తులు చైనీయుల దృష్టిలో తామే ‘యీ’లు. 1728లో జెంగ్ జింగ్ అనే పండితుడు ఆ కారణం చూపే తిరుగుబాటుకు పూనుకున్నాడు. యోంగ్‌జెంగ్ చక్రవర్తి అతణ్ణి చంపించకుండా అతని వాదానికి జవాబుగా ఒక గ్రంథమే ప్రకటించాడు. పూజ్యుడైన షున్ చక్రవర్తి తూర్పు ‘యీ’ అని, వెన్ రాజు పడమటి ‘యీ’ అని ప్రాచీన తత్వవేత్త మెన్షియస్ చెప్పాడు కదా, కనుక ఆ మాట పుట్టిన చోటును మాత్రమే చెబుతుంది గాని గుణాన్ని చెప్పదు అన్నది అందులోని వాదం. అతని తర్వాత వచ్చిన చ్యెన్‌లొంగ్ ఆ గ్రంథాన్ని వెనక్కి తెప్పించి జెంగ్ జింగ్‌ను చంపించాడన్నది వేరే కథ. దాదాపు నూరేళ్లకు, 1832లో, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి హ్యూ లిండ్సే ఓడలో షాంఘై చేరి, మమ్మల్ని ‘యీ’ అని రాయడానికి వీల్లేదని పేచీ పెట్టినప్పుడు, అక్కడి అధికారి మెన్షియస్‌లోని ఆ వాక్యాన్నే బదులుగా వినిపించాడు. లిండ్సే వెనక్కి తగ్గక, ‘యీ’లను చైనా పద్ధతిలో పాలించరాదన్న సొంగ్ వంశకాలపు కవి సూ డొంగ్‌పొ మాటను ఎత్తి చూపాడు. ఇద్దరి చేతిలోనూ ప్రమాణం ఉంది. కంపెనీ అనువాదకులు అంతకు ముందు ఈ మాటను ‘విదేశీయుడు’ అని తర్జుమా చేసేవారు. 1830 తర్వాత అది ‘అనాగరికుడు’గా మారింది. మాట మారలేదు, అనువాదం మారింది. నల్లమందు వ్యాపారం కోసం తలుపులు బద్దలు కొట్టాలని చూస్తున్నవారికి ఈ కొత్త అనువాదం ఎంతగా కలిసివచ్చిందో చెప్పనక్కరలేదు.

ఆ తగాదా చివరికి సంధిపత్రంలోకి ఎక్కింది. రెండో నల్లమందు యుద్ధం నడుమ బ్రిటన్ చైనాతో చేసుకున్న 1858 నాటి టియాన్‌జిన్ ఒప్పందం 51వ నిబంధన ప్రకారం, బ్రిటిష్ ప్రభుత్వాన్ని గాని ప్రజలను గాని ఉద్దేశించి చైనా అధికార పత్రాలు వేటిలోనూ ‘యీ’ అక్షరం రాయకూడదు. యుద్ధంలో నెగ్గినవాడు ఓడినవాడి భాషలోంచి ఒక అక్షరాన్ని శాసనం ద్వారా తొలగించిన ఇటువంటి సందర్భం నాకు తెలిసినంతలో మరొకటి లేదు. ఆ తరువాత విదేశీ వ్యవహారాలకు ‘యీవూ’ పోయి ‘యాంగ్‌వూ’ వచ్చింది. అయినా ఆస్థానం తన లోపలి పత్రాలను సంకలనం చేసినప్పుడు 1880లో కూడా పాత ‘యీవూ’ పేరునే ఉంచింది. కాగితం మీద నిషేధం అమలైన ఆ కాలంలోనే వీధిలో ‘యాంగ్ గ్వెయ్‌జ’ అన్న మాట బలపడింది. సముద్రపు అవతలి ప్రేతాలు అని దాని అర్థం. ఓడిన జనానికి ఆనాడు మిగిలిన ఆయుధం ఆ మాటే.

1900లో విదేశీయులకు, క్రైస్తవులకు వ్యతిరేకంగా చెలరేగిన బాక్సర్ల తిరుగుబాటు నాటికి ఈ పదజాలం ప్రాణాలమీదికి వచ్చింది. విదేశీయులు ‘దా మావ్‌జ’లు, అంటే పెద్ద రోమశులు. క్రైస్తవం పుచ్చుకున్న చైనీయులు ‘అర్ మావ్‌జ’లు, అంటే రెండో రకం రోమశులు. విదేశీ వస్తువులు వాడేవారు మూడో రకం. అప్పుడు వేల సంఖ్యలో చంపబడినవారిలో ఎక్కువమంది ఆ రెండో రకం పేరు పడ్డ చైనీయులేనని మరవకూడదు. ఆధునిక చైనా రచయిత లూ షున్ 1921లో మొదలుపెట్టిన ‘ఆ క్యూ’ కథలో, విదేశాల్లో చదివి చింగ్ పాలనలో మగవారు విధిగా ఉంచుకోవలసిన జడను కత్తిరించుకుని వచ్చిన ఊరివాణ్ణి ‘నకిలీ యాంగ్ గ్వెయ్‌జ’ అంటారు. పరాయివాడి కోసం చేసిన తిట్టు ఎక్కువ లోతుగా తగిలింది ఇంటివాడికే. 1937 తర్వాత జపాన్ సైన్యం సాగించిన అకృత్యాల మూలంగా ‘గ్వెయ్‌జ’ అన్న మాట పాశ్చాత్యులను విడిచి జపనీయులకు అంటుకుంది. నేటికీ ఏ విశేషణమూ లేకుండా ఆ మాట అంటే జపాన్ సైనికుడే గుర్తొస్తాడు. ఆ మాట వెనుక 1937-38లో జపాన్ సైన్యం ఊచకోత సాగించిన నాన్‌జింగ్ ఉంది. దానిని మామూలు జాతిద్వేషపు పదాలతో ఒకే గాటన కట్టడం న్యాయం కాదు, అయితే ఈనాటి జపాన్ పర్యాటకుణ్ణి అలా పిలవడం కూడా న్యాయం కాదు.

ఇక మన సంగతి. బౌద్ధం తొలినాళ్లలో భారతీయులను కూడా ‘హూ’లలోనే కలిపి, మన గ్రంథాలను ‘హూ ప్రతులు’ అనేవారు. సుయ్ వంశకాలంలో (క్రీ.శ. 581-618) యెన్‌త్సొంగ్ అనే భిక్షువు, భారతదేశం ‘హూ’ జాతుల కోవలోనిది కాదని, ఆ ప్రతులను బ్రహ్మ శబ్దం నుంచి వచ్చిన ‘ఫాన్’ పేరుతోనే పిలవాలని గట్టిగా వాదించాడు. కూరగాయల ముందు నిలిచిన ‘ఫాన్’ వేరు, ఇది వేరు. మన ‘మ్లేచ్ఛ’ శబ్దాన్ని సైతం ఆ భిక్షువులు ‘మ్యె లీ చ’ అని ధ్వనిమార్పుతో తమ భాషలోకి తీసుకున్నారు. మ్లేచ్ఛ అన్న మాట తమకూ వర్తిస్తుందని తెలిసి కూడా వారు దానిని శ్రద్ధగా నిఘంటువుల్లో చేర్చడం నాకు ఎంతో గౌరవం కలిగించే విషయం.

పన్నెండు వందల ఏళ్ల తర్వాత భారతీయుడు బౌద్ధ గురువుగా కాక బ్రిటిష్ సిపాయిగా వెళ్లాడు. తెలుగు, తమిళ జిల్లాల నుంచి మనుషులను చేర్చుకున్న మద్రాసు సైన్యం మొదటి నల్లమందు యుద్ధంలో పాల్గొంది. 1841 మే చివరలో క్వాంగ్‌జౌ పక్కన సాన్‌యువాన్‌లీ వద్ద 37వ మద్రాసు పటాలంలోని ఒక దళాన్ని గ్రామస్థులు చుట్టుముట్టారు. కుండపోత వానలో సిపాయిల తుపాకులు తడిసి పేలలేదు. చైనీయుల పత్రాల్లో తెల్ల సైనికులు ‘బాయ్ యీ’లు, మనవారు ‘హెయ్ యీ’లు, అంటే నల్ల యీలు. తరువాత 1880 దశకంలో విదేశీయుల పాలనలో ఉన్న షాంఘై అంతర్జాతీయ వాడలో సిక్కులను పోలీసులుగా నియమించారు. వారి ఎర్ర తలపాగాను బట్టి ‘హొంగ్ తౌ ఆ సాన్’ అన్న పేరు వచ్చింది. ‘హొంగ్ తౌ’ అంటే ఎర్ర తల, ‘ఆ’ అన్నది పిలుపులో పేరు ముందు చేర్చే ఉపసర్గ, ‘సాన్’ అంటే మూడు. ‘ఆ సర్’ అన్న పిలుపు నుంచి పుట్టిందని, ‘ఐ సే’ నుంచి పుట్టిందని చెప్పేవన్నీ తర్వాత అల్లిన వివరణలుగానే నాకు తోస్తాయి. ఆ మాటలో ద్వేషం ఎందుకు చేరిందో మాత్రం స్పష్టమే. 1925 మే 30న నాన్‌జింగ్ రోడ్డులో బ్రిటిష్ అధికారి ఆజ్ఞపై నిరసనకారుల మీద కాల్పులు జరిపినవారిలో సిక్కు పోలీసులు ఉన్నారు. బానిసగా ఉండి తోటి బానిసను కొడతాడన్న కోపం ఆ పేరులో మిగిలిపోయింది.

వలస పాలన పోయినా ఆ పేరు పోలేదు. నేడు ఆన్‌లైన్‌లో ‘ఆ సాన్’ అంటే సిక్కు పోలీసు కాదు, ప్రతి భారతీయుడూను. దానినే కొంత మెత్తబరచి, ఎగతాళిగా, ‘సాన్ గె’, అంటే మూడో అన్న, అని కూడా అంటారు. 2017 ఆగస్టులో డోక్లాం ఉద్రిక్తత సమయంలో చైనా ప్రభుత్వ వార్తాసంస్థ షిన్హువా వెలువరించిన ఒక వీడియోలో, తలపాగా, పెట్టుడు గడ్డంతో భారతీయుడి వేషం కట్టించి, యాసను వెక్కిరించారు. షాంఘై వీధిలోని ఆ పోలీసు బొమ్మే తిరిగి తెరకెక్కింది.

తెల్లవాడి మీద వేసిన మాట మాత్రం మొద్దుబారింది. కాంటనీస్‌లో తెల్లవాణ్ణి ‘గ్వాయ్‌లో’ అంటారు, అంటే ప్రేతం లాంటి మనిషి. ఆ పేరుతోనే హాంకాంగ్‌లో బీరు అమ్ముతున్నారు. అక్కడ పనిచేసిన ఒక బ్రిటిష్ ఉద్యోగి ఆ మాట జాతి వివక్ష అంటూ వేసిన దావాను 2022లో జిల్లా కోర్టు కొట్టివేసింది. ఆ పదం దానంతటదే కించపరిచేది కాదని, సందర్భం చూడాలని చెప్పింది. అదే నగరంలో దక్షిణాసియావారికి ఉన్న ‘ఆ చా’ అన్న పేరు, మన ‘అచ్ఛా’ నుంచి వచ్చినదే అయినా, ఏ సీసా మీదా కనిపించదు. జీతం, హోదా ఉన్నవాడు తిట్టును ముద్దుపేరుగా ధరించగలడు. అద్దె ఇల్లు దొరకనివాడికి ఆ అవకాశం లేదు.

‘లావ్‌వాయ్’ ఈ వరుసలోది కాదు. ‘లావ్’ అంటే ముసలి అనే అర్థం ఉన్నా, ఇక్కడ అది చనువును తెలిపే ఉపసర్గ మాత్రమే. గురువు ‘లావ్‌షి’, యజమాని ‘లావ్‌బాన్’, పులి కూడా ‘లావ్‌హు’. ‘వాయ్’ అంటే బయట. అమెరికాలో స్థిరపడిన చైనీయులు అక్కడి అమెరికన్లను సైతం లావ్‌వాయ్‌లు అనడం చూస్తే, అది ‘మనవాడు కానివాడు’ అనే అర్థంలో గట్టిపడిందని తెలుస్తుంది. ఇరవై ఏళ్లు అక్కడ ఉన్నవాడికి ఆ పిలుపు విసుగు కలిగించడం సహజం. మర్యాదగా అనేవారు ‘వాయ్‌గ్వొ రెన్’ అని, ఇంకా మన్నించేవారు ‘వాయ్‌గ్వొ ఫంగ్‌యౌ’, అంటే విదేశీ మిత్రుడు, అని అంటారు.

కనుక మన సమూహపు పదపట్టికలో ఈ మాటలను విడివిడిగా నమోదు చేయాలని ప్రతిపాదిస్తున్నాను. ‘లావ్‌వాయ్’ పక్కన విదేశీయుడు, వాడుక మాట, అతిథి ఎదుట అనదగనిది అని. ‘యాంగ్ గ్వెయ్‌జ’ పక్కన 19వ శతాబ్దపు తిట్టు, నేడు ఎక్కువగా చారిత్రక రచనల్లోను హాస్యానికీ వాడేది అని. ‘గ్వెయ్‌జ’ పక్కన 1937 తర్వాత జపాన్ సైనికుడు అని. ‘ఆ సాన్’ పక్కన భారతీయులను కించపరిచేది, నేడూ వాడుకలో ఉన్నది, అనువాదంలో పాత్ర ద్వేషాన్ని చూపవలసిన చోట తప్ప వాడరానిది అని రాద్దాం. ‘యీ’ని మాత్రం ‘అనాగరికుడు’ అని తెలుగు చేయవద్దు. 1830కి ముందు పత్రమైతే ‘పరదేశీయుడు’ అని రాసి, కింద టియాన్‌జిన్ నిబంధనను సూచిస్తే చాలు.