రెండు బండ్లు, 22 గుంటలు: టైం పెట్టగానే రూటు రావడం లేదు

కోవూరు గోడౌన్ నుంచి ఇందుకూరుపేట, విడవలూరు వైపు 22 రొయ్యల గుంటలకు రోజూ మేత పంపుతాం. బండ్లు రెండు, ఒక్కోదానిలో 60 బస్తాలు పడతాయి. రోజు మొత్తం 104 బస్తాలు.

ముందు ఎక్సెల్‌లో ఉండే సాల్వర్‌తో (షరతులకు సరిపోయే మంచి సమాధానం వెతికే టూల్) చూశాను. దాంట్లో 200 వేరియబుల్స్ (అది తేల్చాల్సిన విలువలు) వరకే. ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లే ప్రతి దారికీ ఒకటి చొప్పున, గోడౌన్‌తో కలిపి 23 చోట్లకు 506 అయ్యాయి. దాంట్లోనే ఎవల్యూషనరీ పద్ధతిలో (రకరకాల రూట్లు యాదృచ్ఛికంగా మార్చి చూసేది) నొక్కిన ప్రతిసారీ వేరే రూటు చూపిస్తోంది. మా డ్రైవర్ నోటిలెక్కే నయం.

తర్వాత పైథాన్‌లో గూగుల్ ఓఆర్-టూల్స్ (రూట్లు లెక్కగట్టే ఉచిత లైబ్రరీ) పెట్టాను. బస్తాల లెక్క వరకు 2 సెకన్లలో రూటు వచ్చింది. టైం విండోలు (ఏ గుంటకు ఎన్నింటి నుంచి ఎన్నింటి లోపు చేరాలో) కలపగానే సమాధానం 'నన్' (None), అంటే రూటేమీ దొరకలేదని. బండ్లు 6కే బయలుదేరాలి. ఆరుగురు రైతులు 7:30 లోపు కావాలంటారు. నలుగురు 9 తర్వాతే గేటు తీస్తారు, అంతవరకు తాళం, లోపల కుక్క. దించడానికి పట్టే 10 నిమిషాలు ప్రయాణ సమయంలోనే కలిపాను. టైం డైమెన్షన్‌లో (రూటు పొడవునా సమయం లెక్కపెట్టే భాగం) స్లాక్ (మధ్యలో ఇచ్చే వెసులుబాటు సమయం) 0, గరిష్ఠం 300 నిమిషాలు. వెతికే సమయం 30 నుంచి 300 సెకన్లకు పెంచినా అదే 'నన్'. ఆ నలుగురి 9 గంటల షరతు తీసేస్తే మాత్రం రూటు వస్తోంది.

రెండు బండ్లతో ఇది నిజంగా కుదరదా, లేక నా టైం సెట్టింగ్‌లోనే తప్పుందా?