విజిట్ వీసా మీద దుబాయ్ పొమ్మంటున్నాడు ఏజెంటు, పోవచ్చా?

ప్రశ్న: మాది కోరుట్ల దగ్గర పల్లె. తమ్ముడు తొమ్మిదో తరగతితోనే చదువు ఆపేశాడు, సెంట్రింగ్ పని చేస్తాడు. "ముందు విజిట్ మీద పో, అక్కడ కంపెనీ వీసాకు మార్పిస్తా" అని ఏజెంటు లక్షా ఇరవై వేలు అడుగుతున్నాడు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే ఉంటుందట. అమ్మ పుస్తెలతాడు కుదువ పెడతానంటోంది. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: చెల్లె, ముందు ఆ పుస్తెలతాడు ఆపు. విజిట్ వీసా మీద పని చేయడం అక్కడ నేరం. గడువు దాటితే రోజుకు 50 దిర్హాముల జరిమానా. కల్లివెల్లి, అంటే సరైన వీసా లేకుండా ఉండేవాడు, అయ్యాక జీతం ఇవ్వకున్నా గట్టిగా అడగలేడు. పది పాస్ కాలేదు కాబట్టి మీ తమ్ముడిది ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే పనికి పోయేముందు ప్రభుత్వ అనుమతి చూసే రకం, అయి ఉంటుంది. ఉద్యోగానికి పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (ఆ అనుమతి) కావాలి. అప్పుడే 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా కూడా వస్తుంది. విజిట్ మీద పంపితే ఇవన్నీ పోయినట్టే. రిజిస్టర్డ్ ఏజెంటు 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. రసీదు ఇవ్వాలి.

పాస్‌పోర్టు సంగతి నేను అనుభవించిందే. నేను పోయిన కాలంలో క్యాంపులో దిగగానే అందరివీ తీసుకుని, రబ్బరు బ్యాండు వేసి బీరువాలో పెట్టారు. నాన్న పోయారని ఫోన్ వచ్చాక మూడు రోజులు ఆఫీసు గుమ్మం ముందే నిలబడ్డాను. ఇల్లు చేరేసరికి మూడో దినం కూడా అయిపోయింది. అక్కడ 2021లో వచ్చిన కార్మిక చట్టం ప్రకారం యజమాని పాస్‌పోర్టు పట్టుకోకూడదు, నియామక ఖర్చులు కార్మికుడి మీద వేయకూడదు. తమ్ముడికి ఈ రెండూ కంఠతా పట్టించు.

అక్కడ సమ్మె చేయకూడదు. గొడవ ఉంటే కార్మిక శాఖకు ఫిర్యాదు చేయాలి, లక్ష దిర్హాములలోపు కేసుకు కోర్టు ఫీజు లేదు. మనవాళ్ల సాయానికి దుబాయ్‌లో 80046342 ఫోన్ నంబరు ఉంది.

ఇంకొకరు: అన్న చెప్పిందంతా నిజం. ఇంకొక్క మాట, సంచిలో గసగసాలు పెట్టకండి అక్కా. మన మసాలాకు వాడేవే, అక్కడ నిషేధం. ఎవరైనా పొట్లం ఇచ్చి "మా వాడికి ఇవ్వు" అంటే విప్పి చూడకుండా తీసుకోవద్దు.

ప్రశ్న అడిగినవారు: ఇప్పుడే ఏజెంటుకు ఫోన్ చేసి రిజిస్ట్రేషన్ నంబరు అడిగాను అన్నా. "నమ్మకం లేకుంటే వేరేవాళ్లను చూసుకోండి" అని పెట్టేశాడు. తమ్ముడు అలిగి కూర్చున్నాడు. రేపు ఇద్దరం హైదరాబాద్‌లో టామ్‌కామ్ (విదేశీ ఉద్యోగాలకు పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ) ఆఫీసుకు పోతున్నాం. ఏ కాగితాలు తీసుకుపోవాలి?

జవాబు: పాస్‌పోర్టు, ఆధార్, ఫొటోలు. పని తెలుసని మేస్త్రీతో రాయించిన కాగితం ఉంటే అదీ పెట్టుకోండి.