రెండేళ్ల పాప వచ్చీరాని మాటలు: సరిదిద్దాలా, దాచుకోవాలా?

సత్యనారాయణపురం అమ్మ (విజయవాడ) అడిగిన ప్రశ్న

పాపకి 23 నెలలు. మాటలు ఇప్పుడే జోరందుకున్నాయి. కారాన్ని "కాలం" అంటుంది, కాకిని "తాతి" అంటుంది. కొండ మీద అమ్మవారు "దుగ్గమ్మ". కింద పడితే "పడ్డాను" అనదు, "పాప పడింది" అని ఊరందరికీ కబురు చెబుతుంది. ఇంటిల్లిపాదీ నవ్వుకుంటాం, తెల్లారేసరికి సగం మర్చిపోతాం. ఫోను తీస్తే చాలు, మాట ఆపేసి ఫోను లాక్కోడానికి వచ్చేస్తుంది.

గుంటూరులో ఉండే అత్తయ్యగారు "ముద్దుగా ఉంది, మీరూ అలాగే పలకండి" అంటారు. ఆడపడుచు "ఇప్పుడు దిద్దకపోతే నత్తి వస్తుంది" అంటుంది. ఎవరి మాట వినాలి? ఈ మాటల్ని పోగొట్టుకోకుండా ఎలా దాచాలి? ఇంకోటి, అన్నం ఉమ్మేసినా అందరూ నవ్వుతున్నారు. అది మంచిదేనా?

మాటల టీచరు (గుంటూరు)

ముందు నత్తి భయం వదిలేయండమ్మా. "తాతి" అన్నందుకు నత్తి రాదు. నత్తి అంటే మాట పట్టేయడం, తడబడడం. ఇది కేవలం పలుకు ఇంకా కుదరకపోవడం.

పిల్లలకి ముందు పెదాలతో పలికేవి వస్తాయి: ప, బ, మ. తర్వాత నాలుక కొసతో పలికే త, ద, న. క, గ పలకాలంటే నాలుక వెనక భాగం లేవాలి, అది కొంత కాలం పడుతుంది. అందాకా కొన్ని మాటల్లో క ఉన్నచోట త పెట్టేస్తారు, కాకి తాతి అవుతుంది. ర కి నాలుక కొస పైన చటుక్కున తగిలి రావాలి. అది రాని పిల్లలు ల తోనో య తోనో సరిపెట్టుకుంటారు, కారం కాలం అయ్యేది అందుకే. ర, ళ, ణ, ష లాంటివి నాలుగేళ్ల దాకా కుదరకపోయినా కంగారు లేదు.

"దుగ్గమ్మ" ఇంకా బాగుంది. రెండు వేరు హల్లులు కలిసి వస్తే పిల్లలు ఒకదాన్ని తీసేసి రెండోదాన్ని ఒత్తుతారు. దుర్గమ్మ దుగ్గమ్మ, బిస్కెట్ బిక్కెట్. మాట బరువు తగ్గకుండా చూసుకుంటారు, గమనించండి. "దుగమ్మ" అని తేల్చేయరు. అంటే తెలుగు మాట నడక చెవికి పట్టిందన్నమాట. అది చాలా మంచి గుర్తు.

ఇక దిద్దడం. "కాదు, తాతి కాదు, కాకి అను" అనొద్దు. రెండుసార్లు అలా అంటే కొందరు పిల్లలు ఆ మాటే మానేస్తారు. అలాగని మీరూ "తాతి" అనొద్దు, సరైన పలుకు వినకపోతే ఎక్కడ నేర్చుకుంటుంది? మధ్యదారి ఉంది. పాప "తాతి!" అంటే మీరు "ఆఁ, కాకి! కాకి గోడ మీద వాలింది" అనండి. పాప మాటే, సరిగ్గా పలికి, ఇంకో రెండు మాటలు చేర్చి వెనక్కి ఇచ్చారు. అంతే. తర్వాత నోరు మూసుకుని ఐదు సెకన్లు ఆగండి. ఈ ఆగడమే పెద్దవాళ్లకి కష్టం. పిల్లకి మాట వెతుక్కునే టైము కావాలి, మనం గబుక్కున ఇంకో ప్రశ్న వేసేస్తాం.

అత్తయ్యగారి మాటలో సగం నిజం ఉంది. బువ్వ, లాల, జేజ, బజ్జో లాంటివి తప్పు మాటలు కావు, పాపాయిల కోసం పెద్దలు కట్టిన మాటలు. చాలావరకు తేలిక శబ్దాలే, రెండేసి అక్షరాలు. అవి వాడినందువల్ల మాట వెనకపడదు. రెండేళ్లు దాటాక "లాల పోసుకుందామా, స్నానం చేద్దామా" అని పక్కన పెద్ద మాట కూడా వేస్తూ ఉంటే చాలు.

"పాప పడింది" సంగతి. తెలుగులో క్రియ చివర్లోనే ఎవరన్నది ఉంటుంది: పడ్డాను, పడ్డావు, పడింది. మనం పిల్లలతో "అమ్మ వస్తుంది, పాప తింటుంది" అనే మాట్లాడతాం, వాళ్లూ అదే పట్టుకుంటారు. ఇప్పట్నుంచి "నేను వస్తున్నా, నువ్వు తింటావా" అనడం మొదలుపెట్టండి. పాప ముందు మీరూ మీవారూ ఒకరితో ఒకరు "నేను", "నువ్వు" అని మాట్లాడుకోవడం ఇంకా బాగా పనిచేస్తుంది. ఒకే మనిషి ఒకసారి నేను, ఒకసారి నువ్వు ఎలా అవుతుందో ఆ సంభాషణలోనే తెలుస్తుంది. కొన్నాళ్లు తారుమారు చేస్తుంది, ఎత్తుకోమనడానికి "నిన్ను ఎత్తుకో" అంటుంది. దాన్నీ రాసిపెట్టుకోండి.

పాత టేపుల మనిషి (విజయవాడ)

దాచుకోవడం గురించి నేను చెప్తాను. వీడియో కంటే ముందు ఆడియో. కారణం మీరే చెప్పారు, ఫోను కనిపిస్తే మాట ఆగిపోతుంది. రికార్డరు ఆన్ చేసి, తెర కిందికి ఉండేలా బోర్లించి, మడతపెట్టిన తువ్వాలు మీద పెట్టండి. తువ్వాలు ఎందుకంటే, బల్ల మీద గిన్నె పెట్టిన చప్పుడు, పిల్ల కాలితో తన్నిన చప్పుడు చెక్క గుండా మైకులోకి పోతాయి. తువ్వాలు అది ఆపుతుంది. ఫోను కింది అంచున ఉండే చిన్న కన్నం మైకు, దాన్ని గుడ్డ కప్పకూడదు. పిల్ల నోటికి రెండు మూరల లోపు ఉండాలి. అంతకంటే దూరమైతే గది గోడల నుంచి తిరిగొచ్చే శబ్దం ఎక్కువై మాట బోలుగా వినిపిస్తుంది. ముందే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, మధ్యలో ఫోన్ వస్తే కొన్ని ఫోన్లలో రికార్డింగు అక్కడితో ఆగిపోతుంది.

ఎప్పుడు? "మాట్లాడమ్మా" అంటే మాట్లాడరు. చేతికి పని ఉన్నప్పుడు నోరు దానంతట అదే ఆడుతుంది: బఠాణీలు వలిచేటప్పుడు పక్కన కూర్చోబెట్టి తొక్కలు గిన్నెలో వేయమన్నప్పుడు, ఉతికిన బట్టలు మడతపెట్టేటప్పుడు, పడుకోబోయే ముందు. (గింజలు మాత్రం చేతికి అందకుండా చూసుకోండి, ముక్కులో పెట్టుకుంటారు.) పడుకోబోయే ముందు పది నిమిషాలు బంగారం. చాలామంది పిల్లలు చీకట్లో ఆ రోజు విన్న మాటలన్నీ తమలో తాము వల్లె వేసుకుంటారు.

ఆడియో ఫైలు సాధారణ నాణ్యతలో నిమిషానికి 1 ఎంబీ అటూఇటూ ఉంటుంది. వారానికి ఒకసారి ఐదు నిమిషాలు తీసినా ఏడాదికి 260 ఎంబీ చుట్టుపక్కల. అదే వీడియో అయితే ఒక్క నిమిషానికే పదుల ఎంబీలు.

ఫైలు పేరు సంవత్సరం-నెల-తేదీ వరసలో పెట్టండి, పక్కన ఒక్క మాట: "2025-06-14 దుగ్గమ్మ". ఈ వరసలో పెడితే ఫైళ్లు వాటంతట అవే కాలక్రమంలో నిలబడతాయి. తేదీ ముందు రాస్తే అన్ని నెలల 14లూ ఒకచోట చేరతాయి. వాట్సాప్ వాయిస్ మెసేజీలే దాచుకున్నట్టు అనుకోకండి, ఫోను మారినప్పుడు బ్యాకప్ లేకపోతే అవి పోతాయి. వీడియో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే నాణ్యత తగ్గుతుంది. కాపీలు రెండు చోట్ల: ఒకటి ఇంట్లో హార్డ్ డిస్కులో, ఒకటి ఆన్‌లైన్ ఖాతాలో. పెన్ డ్రైవు ఒక్కదాన్నే నమ్మొద్దు.

వీడియోనే కావాలంటే మీరు నేల మీద కూర్చోండి. రెండేళ్ల పిల్ల ఎత్తు దాదాపు 85 సెంటీమీటర్లు. నిలబడి తీస్తే మాడే కనపడుతుంది, మొహం కనపడదు. ఫోనుని పప్పు డబ్బాకి ఆనించి పెట్టి మీరు అటు చూడకండి. మీరు తెర చూస్తే పిల్లా తెరే చూస్తుంది.

సత్యనారాయణపురం అమ్మ

చాలా థాంక్సండి. కానీ ఫ్యాను చప్పుడు కూడా రికార్డవుతుంది, మే నెలలో దాన్ని ఆపడం కుదరదు కదా! ఇంక మాటలు రాసుకోవడానికి పుస్తకం కొని రెండు రోజుల్లో వదిలేసేలా ఉంటాను, తేలిక దారి ఉందా?

పాత టేపుల మనిషి

ఫ్యాను ఆపక్కర్లేదు. గాలి నేరుగా మైకుకి తగిలితేనే ఆ బరబర. ఫోనుని ఫ్యాను కింద కాకుండా గోడవారగా, దిండు చాటున పెట్టండి. కూలరు దగ్గర మాత్రం లాభం లేదు. వేసవిలో తెల్లవారుజామే నయం.

ఇద్దరు పిల్లల నాన్న (గుంటూరు)

పుస్తకం వద్దండి. పాల లెక్క వేసుకునే గోడ క్యాలెండరు ఉంటుంది కదా, రోజుకో గడి. దానికి దారంతో బాల్‌పెన్ను కట్టేయండి. జెల్ పెన్ను వద్దు, వంటింటి తడికి అలుక్కుపోతుంది. గడిలో ఒక్క మాట చాలు. నెల మారాక ఆ కాగితం చింపకుండా ఫైల్లో పెట్టేయండి, అదే పుస్తకం.

విన్నది విన్నట్టు రాయాలి. తెలుగు లిపికి ఈ సుఖం ఉంది, నోరు ఎలా పలికితే అలా రాయొచ్చు. పక్కన అసలు మాట రాయకపోతే ఏడాది తర్వాత మీకే అర్థం కాదు. అంతకంటే ముఖ్యం, మాటకి ముందు ఏం జరిగిందో నాలుగు పదాలు. "నిన్న" అని మాత్రం రాస్తే అందులో ఏముంది? "అమ్మమ్మ వెళ్లి నెల అయింది. నిన్న వెళ్లింది అంది" అని రాస్తే, పిల్లకి గడిచిపోయిందల్లా నిన్నే, రాబోయేదల్లా రేపే అని తెలుస్తుంది. ఈ నిన్న-రేపు కలగాపులగం నాలుగేళ్లు దాటినా కొంత ఉంటుంది, దిద్దాల్సిన పని లేదు.

మాటలే కాదు, చేష్టలూ రాయండి. తన కళ్లు మూసుకుని ఎవరికీ కనపడనని నమ్మడం. కర్టెన్ వెనక దాక్కుంటే కాళ్లు బయటే ఉండడం. ఫోన్లో తాతయ్య "తిన్నావా?" అంటే నోటితో పలక్కుండా తలూపి, జవాబు చెప్పేశాననుకోవడం. ఇవన్నీ ఒకటే సంగతి: తనకి కనపడేది అవతలివాళ్లకి వేరేగా కనపడుతుందని ఆ వయసుకి తెలియదు. అది తెలిసిన రోజున ఈ ఆటలన్నీ మారిపోతాయి, చెప్పి పోవు. అందుకే ఇవి ముందు రాయండి. మాటలైనా కొన్నాళ్లు నిలుస్తాయి.

స్నానం చేసేటప్పటివీ, బట్టల్లేనివీ ఎంత ముద్దుగా ఉన్నా గ్రూపుల్లో, స్టేటస్‌లో పెట్టకండి. బంధువుల గ్రూపు అయినా సరే, ఒకసారి వెళ్లింది వెనక్కి రాదు.

బ్రాడీపేట బామ్మ

నవ్వు గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తానమ్మా. పిల్లలకి నవ్వు పెద్ద బహుమతి. లడ్డూ అక్కర్లేదు. అన్నం ఉమ్మినప్పుడు నలుగురు పకపకమంటే, రేపు పప్పన్నం మొత్తం గోడ మీదకే. అందుకని ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టుకోండి: మాటలకి ఎంతైనా నవ్వండి, ఉమ్మడం, కొట్టడం, విసరడం, బూతు మాట, వీటికి నవ్వొద్దు. నవ్వు ఆగకపోతే మొహం తిప్పుకుని వంటింట్లోకి వెళ్లిపోండి.

అందరూ పాటించాలి. పదిసార్లలో తొమ్మిదిసార్లు అందరూ గంభీరంగా ఉండి, పదోసారి మేనమామ ఫక్కున నవ్వాడంటే, ఆ అలవాటు ఇంకా గట్టిపడుతుంది. ఎప్పుడో ఒకప్పుడు నవ్వుతారని పిల్ల కాచుకుని ఉంటుంది. బూతు మాట పట్టుకొస్తే తిట్టనూ వద్దు, ఎక్కడ విన్నావని ఆరా తీయనూ వద్దు. వినపడనట్టే ఉండి, అదే క్షణాన ఇంకో తమాషా మాట అందించండి, "అబ్బో", "అమ్మబాబోయ్" లాంటివి. పిల్లలకి కావాల్సింది నోటికి గట్టిగా ఆడే మాట, అర్థం కాదు. ఉమ్మితే "చాలా? సరే" అని పళ్లెం తీసేయండి, మాట పెంచకండి. నిజంగా ఆకలి ఉంటే అడుగుతుంది.

చుట్టాలు వచ్చినప్పుడు "దుగ్గమ్మ అనమ్మా, ఆంటీకి చెప్పు" అని నిలబెట్టకండి. పిల్లకి ఆ మాట కొండని చూస్తేనే వస్తుంది, సోఫా ముందు నిలబెడితే రాదు. రాకపోతే మనం మొహం చిన్నబుచ్చుకుంటాం, అది పిల్లకి తెలుస్తుంది. వినాలని ఉన్నవాళ్లని బ్యారేజి మీదకో, కొండ కనపడే మేడ మీదకో తీసుకెళ్లండి.

సత్యనారాయణపురం అమ్మ

అత్తయ్యగారికి వీడియో కాల్‌లో వినాలని ఉంటుంది. అప్పుడేం చేయమంటారు బామ్మగారూ?

బ్రాడీపేట బామ్మ

అన్నం తిన్నాక చేయండి, ఆకలి మీద వద్దు. అత్తయ్యగారినే ఏదైనా చూపించమనండి: పెరట్లో పిల్లి, కుండీలో పువ్వు, చేతిలో ఎండు మిరపకాయ. పిల్ల దాన్ని చూసి "కాలం!" అంటుంది, ఆవిడకి కావాల్సిందీ అదే. ఐదు నిమిషాలకి మించకుండా, పిల్ల లేచి వెళ్లిపోతే అక్కడితో ముగించండి.

మాటల టీచరు

ఒక్క విషయం చేర్చాలి. ముద్దుగా ఉందని ఊరుకోకూడనివి కొన్ని ఉన్నాయి. 16 నెలలకి ఒక్క మాటా లేకపోవడం, రెండేళ్లు నిండినా "అమ్మ రా", "పాలు కావాలి" అన్నట్టు సొంతంగా రెండు మాటలు కలపకపోవడం, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, కావాల్సింది వేలితో చూపించకపోవడం. ఇవి చూస్తే ఆగొద్దు. వచ్చిన మాటలు పోతుంటే ఏ వయసులోనైనా అదే వారం డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మీ పాపకి ఇవేవీ లేవు, మీరు రాసినదాన్ని బట్టి చక్కగా నడుస్తోంది.

వెళ్తే మొదట చెవి పరీక్ష చేయించమని అడగండి. జలుబు చేసినప్పుడల్లా చెవి లోపల నీరు చేరే పిల్లలకి మాట మసకగా వినపడుతుంది, చూసేవాళ్లకి అది మొండితనంలా కనపడుతుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పట్నుంచి 18 ఏళ్ల దాకా ఇలాంటి పరీక్షలు ప్రభుత్వం తరఫున ఉచితం. అంగన్‌వాడీలో అడిగితే ఎక్కడికి వెళ్లాలో చెప్తారు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ క్యాలెండరు కాగితాలూ, రెండు మూడు ఆడియోలూ పట్టుకెళ్లండి. కొత్తచోట పిల్లలు నోరు విప్పరు కాబట్టి ఇంట్లో ఎలా మాట్లాడుతుందో డాక్టరుకి వాటిలోనే దొరుకుతుంది.