సీనియర్ ఎంపీసీ స్టడీ అవర్: పుస్తకం తెరిచి చదవాలా, మూసి రాయాలా?

చాక్‌పీస్_పొడి
సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా స్టడీ అవర్ నడిచే కాలేజీల్లో ఎక్కడ చూసినా ఒకటే దృశ్యం. అందరి ముందూ మెటీరియల్ తెరిచి ఉంటుంది, సగం మంది చేతిలో హైలైటర్ ఉంటుంది. ఆ మూడు గంటల్లో పుస్తకం మూసి ఉన్న సమయమే లెక్కలోకి వస్తుందని నా వాదన. ఒత్తిడి తగ్గేదీ అక్కడే. ఏది వచ్చో ఏది రాదో పరీక్ష హాల్లో కాకుండా ముందే తేలిపోతుంది.

సీనియర్ ఇంటర్ లెక్కల పేపర్లు రెండు, 2ఏ, 2బీ. 2ఏ ద్విపద సిద్ధాంతంలో 7 మార్కుల లెక్క ఒకటి చూడండి. (1·3)/(3·6) + (1·3·5)/(3·6·9) + … = ఎక్స్ అయితే 9ఎక్స్² + 24ఎక్స్ = 11 అని చూపాలి. మొదటి అడుగు రెండు వైపులా 1 + 1/3 కలపడం. అది కలిపితేనే శ్రేణి పూర్తయి మొత్తం √3 అవుతుంది, మిగిలింది వర్గం చేసి సర్దడమే. చేసి ఉన్న లెక్క చదివేటప్పుడు ఆ 1 + 1/3 "అంతే కదా" అనిపిస్తుంది. తెల్లకాగితం మీద పిల్లలు ఆగిపోయేదీ సరిగ్గా అక్కడే.

నేను చెప్పే పద్ధతి: మొదటి 40 నిమిషాలు పుస్తకం మూసి నాలుగు లెక్కలు. నిన్నటివి రెండు, వారం కిందటిది ఒకటి, మూడు వారాల కిందటిది ఒకటి. నాలుగు నిమిషాలు కదలకపోతే సొల్యూషన్‌లో ఒక్క లైను చూసి మళ్లీ మూసేయాలి, మొత్తం చూడకూడదు. తర్వాత 80 నిమిషాలు కొత్త చాప్టర్. పది నిమిషాలు లేచి తిరగడం. అరగంట మూడు నాలుగు చాప్టర్లు కలిపిన బిట్లు. చివరి 20 నిమిషాలు తప్పుల నోటు.

ఆర్టీసీ_పాస్
బట్టీ పట్టకుండా ఇంటర్ గట్టెక్కినోళ్లను చూపించండి సార్, దండం పెడతా.

నల్లబల్ల_పాతకాపు
చాక్‌పీస్ గారూ, చెప్పడానికి బాగానే ఉంది. తెలంగాణ బోర్డు 75 మార్కుల లెక్కల పేపరు ఎత్తి చూడండి. రెండు మార్కులవి పది, అన్నీ రాయాలి. నాలుగు మార్కులవి ఏడింటిలో ఐదు. ఏడు మార్కులవి ఏడింటిలో ఐదు. అంటే 35 మార్కులు పెద్ద ప్రశ్నలవే. డిమూవర్, సమీకరణ వాదం, ద్విపద, విస్తరణ కొలతలు, సంభావ్యత... ఎక్కడి నుంచి వస్తాయో రోడ్డు మీద వాళ్లకీ తెలుసు. వీటికి వరుస నోట్లోకి రావాలి. వరుస నోట్లోకి రావాలంటే పది సార్లు చదవాలి. "ఆగిపోయేది అక్కడే" అన్నారు. నిజమే, ఆగిపోతారు. ఆగిపోయిన పిల్లాడికి ఏం వస్తుంది? భయం. మీరు ఒత్తిడి తగ్గిస్తున్నారా, పెంచుతున్నారా?

ఇక ఈఏపీసెట్. 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. ప్రశ్నకు 67 సెకన్లు. 80 లెక్కలకూ అదే సగటు పెట్టుకుంటే చాలదు. కెమిస్ట్రీ 40 అరగంటలో ముగిస్తే తప్ప లెక్కలకు ఊపిరి ఆడదు. ఆ వేగం ఒకే రకం లెక్క ముప్పై సార్లు చేస్తే వస్తుంది. నాలుగు చాప్టర్లు కలిపి గందరగోళం చేస్తే రాదు.

చాక్‌పీస్_పొడి
వరుస నోట్లోకి రావాలన్నదాంట్లో మనకు తేడా లేదు. చదివితే వస్తుందా, తీసి రాస్తే వస్తుందా అన్నదే తేడా.

2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం ఉంది. ఒక జట్టు పాఠాన్ని రెండుసార్లు చదివింది. ఇంకో జట్టు ఒకసారి చదివి, రెండోసారి చూడకుండా గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లే పైచేయి, 81 శాతానికి 75. వారం తర్వాత తారుమారై 42కి 56. స్టడీ అవర్ అయిపోగానే పిల్లలకు "అంతా వచ్చేసింది" అనిపిస్తుందే, అది ఆ 81. శనివారం పేపర్లో చేతికొచ్చేది 42.

నల్లబల్ల_పాతకాపు
ఆ ప్రయోగం వ్యాసాల మీద చేసింది. లెక్కల మీద కాదు. అది చెప్పలేదేం?

చాక్‌పీస్_పొడి
సరే, లెక్కలదే చెబుతాను. 2007లో రోరర్, టేలర్ అనే పరిశోధకులు చేసింది. ఘనపరిమాణం లెక్కలు నాలుగు రకాలు. ఒక జట్టుకు ఒక్కో రకం వరుసగా, ఇంకో జట్టుకు కలగలిపి. సాధనలో వరుసగా చేసినవాళ్లకు 89 శాతం, కలిపి చేసినవాళ్లకు 60. వారం తర్వాత పరీక్షలో వరుసవాళ్లకు 20, కలిపినవాళ్లకు 63. కారణం మీకూ తెలుసు. చాప్టర్ పేరు పైన రాసి ఉంటే ఏ పద్ధతి వాడాలో అదే చెప్పేస్తుంది. ఎగ్జామ్‌లో ఏ బిట్టు మీదా ఆ పేరు ఉండదు. సమాకలనంలో ప్రతిక్షేపణా, విభాగ సమాకలనమా, పాక్షిక భిన్నాలా అని తేల్చుకోవడమే సగం లెక్క. ఒక ఎక్సర్‌సైజ్‌లో ముప్పై లెక్కలూ ప్రతిక్షేపణే అయినప్పుడు ఆ సగాన్ని పిల్లాడు ఎన్నడూ చెయ్యడు.

నల్లబల్ల_పాతకాపు
నాలుగు సూత్రాలు, కాలేజీ పిల్లలు, పైగా అమెరికా. మన సిలబస్ రెండేళ్లది, నాలుగు పుస్తకాలు. నాలుగు సూత్రాలు కలపడానికీ 2బీ మొత్తం కలపడానికీ పోలికే లేదు.

బిట్‌పేపర్_భాస్కరం
ఇద్దరూ చెప్పేది సగం సగమే. కొత్త రకం లెక్క మొదటి ఐదారు సార్లు వరుసగానే చెయ్యాలి, లేకపోతే చెయ్యి తిరగదు. ఏడోదాని నుంచి కలపాలి. పాతకాపు గారు ముప్పై వరుసగా చేయిస్తారు, చాక్‌పీస్ గారు మొదటి రోజే కలిపేస్తారు.

చాక్‌పీస్_పొడి
మొదటి రోజే కలపమని నేనెక్కడ అన్నాను? 80 నిమిషాలు కొత్త చాప్టర్‌కే ఇచ్చాను, పైన మళ్లీ చదవండి.

ఆవర్తన_పట్టిక
లెక్కల గొడవలో కెమిస్ట్రీని మరిచిపోకండి. ఇనార్గానిక్‌కు లైట్నర్ డబ్బాలను మించింది లేదు. కావలసింది ఐదు చెప్పుల డబ్బాలు, వాడేసిన పెళ్లి శుభలేఖల వెనక భాగాలు. ఒక కార్డుకు ఒకే ప్రశ్న. "ఫాస్ఫరస్ ఆమ్లం క్షారత?" వెనకాల "2, ఓహెచ్‌లు రెండే కాబట్టి". "హైపోఫాస్ఫరస్?" వెనకాల "1". "జినాన్ టెట్రాఫ్లోరైడ్ ఆకృతి?" వెనకాల "చదరపు సమతలం". మొదటి డబ్బా రోజూ, రెండోది మూడు రోజులకు, మూడోది వారానికి, నాలుగోది రెండు వారాలకు, ఐదోది నెలకు. చెప్పగలిగితే పై డబ్బాలోకి, తప్పితే ఎక్కడున్నా మళ్లీ మొదటి డబ్బాలోకి.

చెడిపోయేది రెండు చోట్ల. ఒకటి, 15వ గ్రూపు మొత్తం ఒకే కార్డు మీద ఎక్కించడం. సగం చెప్పి "వచ్చేసింది" అని పైకి పంపేస్తారు. రెండు, ఉత్సాహం కొద్దీ మొదటి రోజే వంద కార్డులు రాయడం. నాలుగో రోజుకు అన్నీ ఒకేసారి మీద పడి డబ్బాలు మంచం కిందికి పోతాయి. రోజుకు 15, మహా అయితే 20 కొత్తవి.

సంతకం_అమ్మ
అందరికీ నమస్కారం. మీరు చెప్పేవన్నీ చేసే వీలు హాస్టల్ పిల్లలకు ఎక్కడుందండీ? మావాడి హాస్టల్లో పదకొండుకు లైట్లు తీస్తారు, ఐదుకు లేపుతారు. స్టడీ అవర్లో తెల్లకాగితం ముందు పెట్టుకుంటే "చదవకుండా ఏం గీస్తున్నావ్" అంటారట.

బిట్‌పేపర్_భాస్కరం
మేడమ్, అసలు సమస్య ఆ ఆరు గంటల నిద్రే. 13 నుంచి 18 ఏళ్లవాళ్లకు 8 నుంచి 10 గంటలు కావాలని అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2016లోనే చెప్పింది. పగలు చదివింది గట్టిపడేది నిద్రలో. ఆరు గంటల నిద్ర మీద పుస్తకం తెరిచినా మూసినా పెద్ద తేడా రాదు. మధ్యాహ్నం భోజనం తర్వాత ఇరవై నిమిషాలు బల్ల మీద తల వాల్చనిస్తే అదే పదివేలు. అరగంట దాటితే మాత్రం లేచాక మందంగా ఉంటుంది.

ఆర్టీసీ_పాస్
కేంద్రం 2024 జనవరిలో రోజుకు ఐదు గంటలే క్లాసులని మార్గదర్శకాలు ఇచ్చింది కదా, ఏమైంది?

నల్లబల్ల_పాతకాపు
అది కోచింగ్ సెంటర్లకు. జూనియర్ కాలేజీ బోర్డు గుర్తింపు ఉన్న కాలేజీ. రెండూ ఒకటి కాదు.

మళ్లీ అసలు విషయానికి వస్తాను. పుస్తకం మూసి రాయడమే గొప్ప అంటున్నారు. మేం వారం వారం పెట్టేది ఏమిటి మరి? శనివారం పేపరు, ఆదివారం ఇంకో పేపరు. పుస్తకం మూసే రాస్తున్నారుగా. మీ రోడిగర్ గారి లెక్క ప్రకారం వీకెండ్ టెస్టులు పెట్టే ప్రతి కాలేజీ సరైన దారిలోనే ఉంది. ఏళ్ల తరబడి మమ్మల్ని తిట్టి, ఇప్పుడు మేం చేసేదానికే పరిశోధన అని పేరు పెడుతున్నారు.

చాక్‌పీస్_పొడి
కాదు సార్, ఇది మాత్రం ఒప్పుకోను. శనివారం రాసిన పేపరు పిల్లాడి చేతికి తిరిగి వస్తుందా? చాలా చోట్ల రాదు. సోమవారం వచ్చేది ర్యాంకుల షీటు. పేరు, మార్కులు, సెక్షన్ మార్పు. ఏ లైనులో గుర్తు తప్పిందో ఆ షీటు చెప్పదు. మూసి రాయడం వల్ల లాభం ఎప్పుడంటే, రాసిన వెంటనే తెరిచి పోల్చుకున్నప్పుడు. పోల్చుకోకపోతే తప్పు అడుగే మళ్లీ మళ్లీ రాసి దాన్నే గట్టి చేసుకుంటారు. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయొద్దనీ, పిల్లల్ని నలుగురిలో అవమానించొద్దనీ 2025 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాల్లో చెప్పింది. మీది పరీక్ష కాదు, పంచాయితీ.

నల్లబల్ల_పాతకాపు
మాట జాగ్రత్త. నూట ఇరవై మంది సెక్షన్‌కు ఒక్కో పేపరూ దిద్ది, లైను లైనూ చెప్పే లెక్చరర్‌ను తెచ్చి చూపించండి. ర్యాంకుల షీటు మా సరదా అనుకుంటున్నారా? సోమవారం పది గంటలకల్లా మెసేజ్ వెళ్లకపోతే తల్లిదండ్రులు ఫోన్లు చేస్తారు. మీవాడు ద్విపదలో ఎక్కడ ఆగిపోయాడో అడిగిన తండ్రి ఒక్కడూ లేడు.

సంతకం_అమ్మ
అది నిజమే. ర్యాంకే అడుగుతాను నేను కూడా. ఇంకేం అడగాలో నాకేం తెలుసు?

వేదిక_నిర్వాహకుడు
ఇద్దరూ కాస్త నెమ్మది. మధ్యలో ఒక్క మాట: ఇది చదువుతున్న పిల్లల్లో ఎవరికైనా మనసు బాగోకపోతే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

నల్లబల్ల_పాతకాపు
అసలు సంగతి చెబుతాను వినండి. మీ నలభై నిమిషాల పద్ధతి మొత్తం ఒక్క నమ్మకం మీద నిలబడి ఉంది, పిల్లాడు తన తప్పు తానే నిజాయితీగా చూసుకుంటాడని. పదహారేళ్లవాడు. కీ పక్కనే ఉంటుంది. రెండో నిమిషంలోనే చూసి, తనే చేసినట్టు టిక్కు పెట్టుకుంటాడు. ఎవరో ఒకరు చూస్తారన్న భయం లేకపోతే నూటికి ఎనభై మంది చెయ్యరు. అందుకే ర్యాంకు.

చాక్‌పీస్_పొడి
ఇదే ముందు చెప్పాల్సింది. రోడిగర్‌తో మీకు పేచీ లేదు, పిల్లల మీద నమ్మకం లేదంతే. నేననేది ఏమిటంటే, వాడు కీ చూసి టిక్కు పెట్టేది సోమరితనంతో కాదు, తప్పు బయటపడితే సెక్షన్ మారుస్తారని. మార్కులే లేని కాగితం మీద మోసం చేసి వాడికి ఒరిగేదేమీ లేదు. ఆ నాలుగు లెక్కల కాగితాలను లెక్చరర్ దిద్దొద్దు, తీసుకోవద్దు. వరుసల మధ్య తిరుగుతూ ఎవరు ఎక్కడ ఆగారో చూస్తే చాలు. ఒకే చోట పదిమంది ఆగితే మర్నాడు బోర్డు మీద ఆ ఒక్క అడుగు ఐదు నిమిషాలు చెప్పండి. నూట ఇరవై పేపర్లు దిద్దడం కన్నా తక్కువ పని.

నల్లబల్ల_పాతకాపు
తిరిగి చూడడం వరకు సరే. మార్కు లేకుండా పది రోజులు నడిపితే పదకొండో రోజు ఎవడూ కలం పట్టడు. ఈ మాట మీదే ఉంటాను.

సంతకం_అమ్మ
మీ గొడవ ఎప్పటికి తెగేనో గానీ, వచ్చే ఆదివారం మావాడు ఇంటికొస్తాడు. నాకు లెక్కలు రావు. వాణ్ని ఏం అడగమంటారు?

బిట్‌పేపర్_భాస్కరం
ర్యాంకు అడక్కండి. ప్రశ్నపత్రం తెచ్చుకోమనండి, అదైతే చాలా కాలేజీల్లో ఇచ్చేస్తారు. తప్పిన ప్రతి ప్రశ్న పక్కనా వాణ్నే ఒక గుర్తు పెట్టమనండి. "తె" అంటే తెలియదు, "జా" అంటే తెలిసీ జారింది, "టై" అంటే టైం చాల్లేదు. "తె"లు ఎక్కువైతే ఆ చాప్టర్ మళ్లీ చదవాలి. "జా"లు ఎక్కువైతే చదవక్కర్లేదు, మూసి రాయడమే మందు. "టై"లు ఎక్కువైతే ముందు ఏ సబ్జెక్ట్ పట్టుకున్నాడో అడగండి. జేఈఈ మెయిన్ పేపరైతే తప్పుకు ఒక మార్కు పోతుంది కాబట్టి, ఊహించి పెట్టినవాటికి చుట్టూ సున్నా చుట్టమనండి. ఈఏపీసెట్‌లో నెగెటివ్ లేదు, అక్కడ ఏదీ ఖాళీ వదలకూడదు. ఇదంతా అరగంట పని. తర్వాత వాణ్ని నిద్రపోనివ్వండి.

నల్లబల్ల_పాతకాపు
అమ్మా, ఒకటి కలపండి. "జా" దగ్గర వాడు "సిల్లీ మిస్టేక్" అంటే వదలకండి. ఏ లైనులో జారింది, గుర్తా, వర్గమూలమా, ప్రశ్నలో "కానిది" అన్న మాట చదవలేదా, అది రాయించండి. మూడు పేపర్లలో ఒకే రకం జారుడు కనిపిస్తే ఆ కాగితం నేరుగా వాళ్ల లెక్చరర్‌కు ఇవ్వమనండి. చూడకుండా ఉండలేడు.

ఆర్టీసీ_పాస్
ఏందన్నా, ఇప్పుడు నువ్వు కూడా ర్యాంకు అడగొద్దంటున్నవా?

నల్లబల్ల_పాతకాపు
అడగొద్దని నేనెక్కడన్నాను? ముందు ఇది, తర్వాత ర్యాంకు.