అప్‌డేట్: ఇంటి అప్పు ముందు తీర్చాలా, మదుపు చేయాలా?

30 లక్షల ఇంటి రుణం, 20 ఏళ్ల గడువు, 8.5 శాతం వడ్డీ, నెలకు సుమారు 26,000 వాయిదా. మిగిలే డబ్బు అప్పుకే కట్టాలా, మ్యూచువల్ ఫండ్లలో పెట్టాలా అని అడిగాను. ఓపికగా లెక్కలు వేసి చెప్పిన అందరికీ కృతజ్ఞతలు.

ముందుగా అత్యవసర నిధి పెట్టుకున్నాం. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు మా అత్తగారింట్లో మంచాలు, ఫ్రిజ్, స్కూటరు అన్నీ పాడయ్యాయి. ఆ వారం వాళ్లను ఆదుకున్నది బ్యాంకులో ఉన్న కాస్త నగదే. అందుకే వాయిదాలతో కలిపి ఆరు నెలల ఖర్చు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేశాం. దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ కదపం.

ఏటా ఒక వాయిదా మొత్తాన్ని అదనంగా అసలుకు కడతాం. దీంతో గడువు మూడేళ్లకు పైగా తగ్గుతుంది. మాది మారే వడ్డీ రుణం కాబట్టి ముందస్తు చెల్లింపునకు రుసుము లేదు. అయితే నెలవాయిదా కాకుండా గడువే తగ్గించమని బ్యాంకుకు రాసి ఇవ్వడం మరవకండి, ఫలితమంతా అందులోనే ఉంది.

పన్ను మినహాయింపు కోసం అప్పు ఉంచుకోమన్న సలహా మాకు వర్తించదు. మేం ఎంచుకున్న కొత్త పన్ను విధానంలో సొంతంగా ఉంటున్న ఇంటి వడ్డీకి మినహాయింపు రాదు.

పాప చదువు కోసం ఇండెక్స్ ఫండ్‌లో (మార్కెట్ సూచీని అనుసరించే మ్యూచువల్ ఫండ్) చిన్న సిప్, అంటే క్రమం తప్పకుండా కొంత మొత్తం పెట్టే మదుపు, కొనసాగిస్తున్నాం. మా ఆవిడ కడుతున్న చిట్టీ పూర్తయ్యాక ఆ సొమ్ము కూడా అసలుకే వెళుతుంది.